పాట ఎవరికి బాకీ?

‘మా రేవా’ పాట మొదటిసారి నా చెవిన పడింది 2012లో, హాస్టల్ గదిలో. అప్పుడు ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. మర్నాడు సెమినార్‌లో సర్దార్ సరోవర్ ఆనకట్టపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి మాట్లాడాలి. మంచం మీద తీర్పు తాలూకు జిరాక్స్ కాగితాలు పరిచి ఉన్నాయి. రూమ్మేట్ కంప్యూటర్‌లో గిటారు, తబలా, గొంతు కలిసి ఒక నదిని తల్లీ అని పిలుస్తున్నాయి. బాగుందనుకున్నాను, అంతే. రేవా అంటే నర్మదకే మరో పేరని గానీ, నా కాగితాలూ ఆ పాటా ఒకే లోయ నుంచి వచ్చాయని గానీ తట్టలేదు. తెలియడానికి మరో మూడేళ్లు పట్టింది.

2015లో ‘మసాన్’ సినిమా వచ్చింది. అందులోని ‘తూ కిసీ రేల్ సీ’ పాట గురించి నాలుగు ముక్కలు రాయమని డెస్క్ నుంచి ఫోన్. సంగీతం ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బ్యాండ్‌ది. వాళ్ల పాత పాటలన్నీ వరసగా వింటూ, వాటి పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ కూర్చున్నాను. హాస్టల్ గది గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

పాటలు కట్టేవాళ్లు కనబడితే మా పత్రికల వాళ్లం తప్పకుండా వేసే ప్రశ్న ఒకటుంది. ‘మీకు స్ఫూర్తి ఎక్కడి నుంచి?’ జవాబులు కూడా ముందే తెలుసు. వర్షం, ప్రేమ, ఒంటరితనం. రాక్ బ్యాండ్ అయితే కొంచెం కోపం అదనం. ఇండియన్ ఓషన్ పాటలకు ఈ జవాబులు అతకవు. వాటిలో చాలావాటికి చిరునామాలున్నాయి.

గిటారిస్టు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తి కలిసి 1990లో ఈ బ్యాండ్ పెట్టారు. ఏడాది తర్వాత బేస్ గిటారుతో రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్‌తో అమిత్ కిలమ్ చేరారు. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ విషపదార్థాల మీద డాక్టరేట్ చేసిన మనిషి. 1990ల మొదటి సగంలో ఆయన నర్మదా బచావో ఆందోళనలో పని చేశారు. లోయలో జనం పాడుకునే పాటలు అక్కడే విన్నారు. ‘మా రేవా’ అలా వచ్చిందే. బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ ఆదివాసీ నాయకుడి గురించిన ‘చీతూ’ కూడా ఆ ప్రాంతపు పాటే.

మిగతా వాటి వెనకా ఇలాంటి కథలే. ‘హిల్లే రే’ పాట వెనక ఉన్నది హిందీ, భోజ్‌పురి విప్లవ కవి గోరఖ్ పాండే. ‘కందీసా’ కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన. దాని భాష సిరియాక్. ‘ఝీనీ’ చేనేత కవి కబీరుది. ముంబై పేలుళ్ల మీద తీసిన ‘బ్లాక్ ఫ్రైడే’కి ‘బందే’ రాసింది నాటకరంగం నుంచి వచ్చిన పీయూష్ మిశ్రా. 1993 మార్చి 12 నాటి ఆ పేలుళ్లలో 257 మంది చనిపోయారు. కేసు విచారణలో ఉండటంతో కోర్టు ఆ సినిమాను ఆపింది, 2007లో గానీ విడుదల కాలేదు. ఇక ‘మసాన్’ పాట పల్లవిలోని పోలిక దుష్యంత్ కుమార్ గజల్ నుంచి తీసుకున్నది. ఆ సంగతి రచయిత వరుణ్ గ్రోవర్ బాహాటంగానే చెప్పారు.

అంటే వీళ్లు సొంతంగా చేసిందేమీ లేదా? ఉంది. వీళ్ల దగ్గర చాలాసార్లు బాణీ ముందు, మాటలు తర్వాత. కరోల్ బాగ్‌లో ఒక పాత ఇల్లు. అక్కడే ఏళ్ల తరబడి సాధన. ఒకరు ఏదో మీటితే ఇంకొకరు అందుకుంటారు. నచ్చనిది పారేస్తారు, మిగిలిన దాన్ని నెలల తరబడి తిప్పి తిప్పి వాయిస్తారు. అప్పటికి దానికి సరిపడే మాటలు వెతుక్కుంటారు. ఒక్కోసారి ఎప్పుడో ఎక్కడో విన్న పాట వచ్చి అందులో కూర్చుంటుంది. ఆ ఇంటి నంబరునే 2010లో ఆల్బమ్‌కి పేరు పెట్టారు: ‘16/330 ఖజూర్ రోడ్’. అషీమ్ అంతకు ముందే, 2009 డిసెంబర్ 25న చనిపోయారు. ఆయన గొంతు మాత్రం ఆ ఆల్బమ్‌లో ఉంది.

స్ఫూర్తి అనే మాటకు నాకు ఇక్కడ అర్థం దొరికింది. అది ఆకాశం నుంచి ఊడిపడదు. మనిషి ఒకచోట కొన్నాళ్లు ఉండాలి, వినాలి. విన్నది ఎప్పుడు పనికొస్తుందో తెలియకపోయినా గుర్తుపెట్టుకోవాలి. రాహుల్ రామ్ లోయకు వెళ్లింది ఆల్బమ్‌కు సరుకు తేవడానికి కాదు. ఉద్యమంలో పని చేయడానికి.

కానీ ఇందులో నన్ను ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. ‘మా రేవా’ ఉన్న ‘కందీసా’ ఆల్బమ్ వచ్చింది 2000లో. అదే ఏడాది అక్టోబర్ 18న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మెజారిటీతో ఆనకట్ట పనులు కొనసాగించడానికి అనుమతించింది. 2017 సెప్టెంబర్ 17న ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని జాతికి అంకితం చేశారు. ఎత్తు 138.68 మీటర్లు. నది పాట నగరాలకు చేరింది. ఆ పాట పాడుకున్న లోయలో ఎన్నో ఊళ్లు నీళ్ల కిందికి వెళ్లాయి. కాలేజీ ఫెస్టులో ‘మా రేవా’కి ఊగిపోయిన కుర్రకారులో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? నాకే తెలియదు, తీర్పు చేతిలో ఉండి కూడా.

మన దగ్గరా ఇదే కథ. 1979 నాటి ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ తెలియని తెలుగువాడు ఉండడు. అది గద్దర్ రాసిందనుకునేవాళ్లూ తక్కువేమీ కాదు. రాసింది తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న బండి యాదగిరి. సినిమా లేకపోతే ఆ పాట ఇంతమందికి చేరేది కాదు. చేరే దారిలో యాదగిరి పేరు మాత్రం చాలాచోట్ల జారిపోయింది. పాట బతకడమూ, పాట వెనక మనిషి మరుగున పడటమూ ఒకేసారి జరగవచ్చు.

ఇదంతా వాళ్ల మీదా వీళ్ల మీదా చెప్పడం తేలిక. నా సంగతి కూడా చెప్పాలి.

2021 వానాకాలంలో పోలవరం ముంపు కథనం కోసం దేవీపట్నం మండలానికి వెళ్లాను. నీళ్లు ఊళ్లను చుట్టేస్తున్నాయి. జనం సామాన్లు కట్టుకుంటున్నారు. ఒక ఊళ్లో గోదావరి ఒడ్డున కొండరెడ్డి ముసలామె ఒకరు కూర్చుని పాడుతోంది. గోదారిని అత్తగారిని దెప్పినట్టు దెప్పే పాట అది. ఇన్నేళ్లూ నీ కాళ్లు కడిగాను, ఇప్పుడు నా పొయ్యిలోకే వస్తావా అని. పది నిమిషాలు నిలబడి విన్నాను. రికార్డు చేయలేదు. నోట్‌బుక్ చేతిలోనే ఉంది, ఒక్క ముక్క రాసుకోలేదు. నాకు కావాల్సింది ప్యాకేజీ ఎంత, ఎంతమందికి అందింది, ఎవరి పేరు జాబితాలో లేదు. అవన్నీ రాసుకున్నాను. కథనం బాగా వచ్చిందని ఎడిటర్ మెచ్చుకున్నారు. ఆ అంకెలు కూడా అవసరమే, వాటిని నేను తక్కువ చేయను. కానీ ఇప్పుడు ఆ కథనంలో ఏ అంకె ఏమిటో నాకే గుర్తులేదు. అత్తగారిని దెప్పినట్టు దెప్పే ఆ వరస గుర్తుంది, మాటలు పోయాయి.

రెండేళ్ల తర్వాత వేరే పని మీద అటు వెళ్లి, పునరావాస కాలనీలో ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. ఒకే రకం ఇళ్లు, ముందు సిమెంటు రోడ్డు, మలుపులో కుళాయి. ఆమె నన్ను గుర్తుపట్టలేదు, మంచినీళ్లు మాత్రం ఇచ్చింది. ఆనాటి పాట మళ్లీ ఒకసారి పాడమన్నాను, ఈసారి ఫోన్‌లో రికార్డు చేసుకుంటానని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించింది. రెండుసార్లు ఎత్తుకుని ఆపేసింది.

“గోదారి కనబడితేనే పాటొచ్చేది బాబూ. ఈ కుళాయి కాడ ఏం పాటొత్తాది?” అంది.

స్ఫూర్తి ఎక్కడి నుంచి అని నేను చాలామంది కళాకారులను అడిగాను. ఇంత సూటి జవాబు ఎవరూ చెప్పలేదు.

నర్మద లోయలో ఆ రోజుల్లో ఒక బేస్ గిటారిస్టు నిలబడి విన్నాడు, గుర్తుపెట్టుకున్నాడు. అందుకే ‘మా రేవా’ మిగిలింది. అది ఆనకట్టను ఆపలేదు. ఆపడం పాట పని కాదేమో. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవడో ఒక కుర్రాడు హాస్టల్ గదిలో దాన్ని విని, రేవా అంటే ఏమిటి అని అడిగే అవకాశం ఉంది. దేవీపట్నం ఒడ్డున అలా నిలబడి విన్నవాణ్ని నేనే. ఆ పాట నా దగ్గర లేదు.

ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా, అడగాల్సినవన్నీ అడిగాక, ఇక్కడ ఏం పాడుకుంటారని కూడా అడుగుతున్నాను. ఫోన్‌లో ఇప్పటికి ముప్పైకి పైగా పాటలు చేరాయి. ప్రతి పాట పక్కన పాడినవారి పేరు, ఊరి పేరు రాస్తున్నాను. గోదారి పాట కోసం ఉంచిన పేజీ మాత్రం ఖాళీగానే ఉంది.