హోమర్ సొరంగం ముఖద్వారం దగ్గర

న్యూజిలాండ్‌లో బండి తోలి బతికిన ఏళ్లలో సొరంగాలు నాకు రోజువారీ దారులే. ఆక్లాండ్‌లో ఎయిర్‌పోర్టు సవారీలకు వాటర్‌వ్యూ సొరంగం, దక్షిణ దీవికి మారి టూరిస్టు వ్యాను పట్టాక హోమర్. డ్రైవరు ఒంటిని ఇవి పరీక్షించే తీరు వేరువేరు.

2017 జులైలో తెరిచిన వాటర్‌వ్యూ పొడవు 2.4 కిలోమీటర్లు, ఒక్కో వైపు మూడేసి లేన్లు. ఇలాంటి కొత్త సొరంగాల్లో మొదట దీపాలు బాగా వెలిగేలా పెట్టి, లోపలికి పోనుపోను వెలుగు తగ్గిస్తారు. ఎండలోంచి వచ్చిన కన్ను మెల్లగా సర్దుకోవడానికే ఆ ఏర్పాటు. అక్కడ నాకు చిక్కల్లా వేగంతోనే. ఆకాశం, చెట్లు, దూరపు కొండలు కనిపించవు కాబట్టి రోడ్డు కిందికి దిగుతున్న సంగతే ఒంటికి తెలియదు. కాలు కదపకపోయినా ముల్లు పరిమితి 80 దాటేస్తుంది. లోపల ఉన్నంతసేపూ నా అంచనా పక్కనపెట్టి స్పీడోమీటర్‌నే నమ్మేవాణ్ని.

హోమర్ సంగతి వేరు. మిల్‌ఫర్డ్ సౌండ్‌కు వెళ్లే 94వ నంబరు హైవే మీద, 945 మీటర్ల ఎత్తున ఉంటుంది దాని తూర్పు ముఖద్వారం. 1935లో ఐదుగురు మనుషులు పలుగులు, తోపుడు బండ్లతో పని మొదలుపెట్టారు. మంచుచరియలు పనివాళ్లను పొట్టనబెట్టుకున్నాయి, యుద్ధం పనిని ఆపేసింది, చివరికి 1954లో బండ్లకు దారి దొరికింది. 1.2 కిలోమీటర్ల పైచిలుకు పొడవునా చెక్కిన రాయి అలాగే కనిపిస్తుంది, పైనుంచి నీళ్లు కారుతుంటాయి, మిల్‌ఫర్డ్ వైపు పదింటికి ఒకటి చొప్పున వాలు. ఆ మనుషుల్ని తలుచుకోకుండా నేనెప్పుడూ అందులోకి వెళ్లలేదు.

అక్కడి వేసవిలో, ఒక జనవరి మధ్యాహ్నం, ఒక్కో వైపు బండ్లనే వదిలే హోమర్ సిగ్నల్ దగ్గర ఆగాం. కొడుకును చూడ్డానికి గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ నా పక్క సీట్లో ఉన్నారు. ముందు కారు ఆయన కిందికి దిగి, బండ్ల మీద వాలుతున్న కేయా చిలుకలను ఎండలో నిలబడి ఫొటోలు తీసుకుంటున్నాడు. ఆయనవి ఎండకు నల్లబడే కళ్లద్దాలు. నేను నా చలువ కళ్లద్దాలు తీసేసి హెడ్‌లైట్లు వేశాను.

"ఇంత ఎండలో ఎందుకు తీశావు బాబూ?" అన్నారావిడ.

"లోపలికెళ్లాక తీస్తే ఆలస్యమైపోతుందమ్మా. కంటికి కాస్త ముందునుంచే అలవాటు చేయాలి" అన్నాను.

కంటిపాప పెద్దదవడానికి సెకన్లు చాలు. లోపలి రెటీనా చీకటికి పూర్తిగా సర్దుకోవాలంటే మాత్రం నిమిషాలు పడుతుంది, వయసు మీదపడితే ఇంకా ఎక్కువ. ఎండలో నిలబడి చూసినవాడికి సొరంగం నోరు నల్లటి గోడలా ఉంటుంది. అందులో బండి ఉన్నా, మనిషి ఉన్నా తెలియదు.

పచ్చలైటు పడింది. ముందు కారు సరిగ్గా ముఖద్వారంలో బ్రేకు కొట్టింది. నేను ఎడం వదిలి వస్తున్నాను కాబట్టి మెల్లగానే ఆగగలిగాను. మళ్లీ కదిలిన కారు ఎడమ గోడకు దూరంగా జరుగుతూ రోడ్డు మధ్యకు వచ్చేసింది. గోడ దగ్గరపడితే చేతులు వాటంతటవే స్టీరింగును అవతలికి తిప్పుతాయి, కొత్తవాళ్లలో ఇది ఎన్నోసార్లు చూశాను. ఎదురు బండ్లను సిగ్నల్ ఆపింది కాబట్టి సరిపోయింది.

నా ఒళ్లూ ఊరుకోలేదు. భుజాలు చెవుల దాకా లేచాయి, వేళ్లు స్టీరింగును బిగించాయి, రెప్ప వేయడమే మర్చిపోయాను. పక్కన పెద్దావిడ రామనామం అందుకున్నారు. అరకు రైలు సొరంగాల్లో పిల్లలు వేసే కేకలు గుర్తొచ్చాయి. వెల్లింగ్టన్‌లో 1931 నాటి మౌంట్ విక్టోరియా సొరంగంలోనూ జనం ఊరికే హారన్లు కొడుతుంటారు. చీకటి గుహలో నోరో చేయో ఊరుకోదేమో మనిషికి.

మిల్‌ఫర్డ్‌లో బండి ఆపాక, నాడి లెక్కపెట్టే నా చేతి గడియారం చూశాను. దారి పొడవునా 75 దగ్గర ఉన్న నాడి సొరంగంలో 100 దాటింది. అలవాటైన దారిలోనే ఇలా ఉంటే, మొదటిసారి వచ్చినవాడి గుండె ఎంత కొట్టుకుని ఉంటుంది!

ముందు కారు ఆయన కూడా అక్కడే కలిశాడు. "రోడ్డే కనిపించలేదు. లైట్లు పాడయ్యాయనుకున్నా" అన్నాడు. ఆ గొంతులో వణుకు ఇంకా పోలేదు. మీ కళ్లద్దాలే అని చెప్తే నమ్మలేనట్టు తీసి చూసుకున్నాడు. బండిలో కూర్చుని ఉంటే అవి అంతగా నల్లబడవు, ఎందుకంటే ముందు అద్దం అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. ఆయన కేయాల కోసం బయట నిలబడ్డాడు. పైగా చలిగాలిలో ఆ అద్దాలు మరింత నల్లబడతాయి, తేటపడటానికీ ఎక్కువసేపు పడుతుంది. సిగ్నల్ దగ్గర దిగేవాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పరు. చెప్పి తీరాలి.

చలికాలంలో అక్కడ ఆ సిగ్నల్ కూడా ఉండదు. మంచుచరియలు జారే చోట బండ్లు వరుసకట్టి ఆగడం ఇంకా ప్రమాదం కాబట్టి దాన్ని ఆపేస్తారు. అప్పుడు ఎదురు బస్సులు వస్తుంటాయి. చేతులు మధ్యకు లాగుతున్నా గోడవైపే పట్టి నడపాలి, రోడ్డు మీద కంటికి ఆనని నల్లమంచు పొరనూ చూసుకోవాలి. అలాంటి రోజుల్లో ముఖద్వారానికి చాలా ముందే వేగం తగ్గించి, పాటలు ఆపి, కాసేపు మాట్లాడించవద్దని వ్యానులో అందరికీ చెప్పేవాణ్ని.