స్వల్పవ్యయముతో నెగువ యహోబిలయాత్ర

యాత్రలు ధనవంతులకే తగినవని మనలో ననేకులు తలంచుచుందురు. 1671వ సంవత్సరమున శ్రీ రాఘవేంద్రస్వామివారు బృందావనప్రవేశము చేసిన మంత్రాలయమును సేవింపవచ్చినవారు, మరి మూడు దినము లుండగలిగినచో, నల్లమల కొండలలోని యెగువ యహోబిలమును గూడ స్వల్పవ్యయముతో దర్శింపవచ్చును.

ఎమ్మిగనూరు, కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా బస్సులు మారుచు దిగువ యహోబిలము చేరవలెను. 2025 ఆగస్టు 15 మొదలు ఆంధ్రప్రదేశ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు. గుర్తింపుకార్డు చూపిన చాలును. సజ్జరొట్టెలు, వేరుసెనగపొడి మూటగట్టుకొనినచో భోజనపు ఖర్చును దగ్గును.

దిగువనుండి యెగువ గ్రామ మెనిమిది కిలోమీటర్లు. అచట గుహాలయమున నరసింహస్వామి వెలసియున్నాడు. చెంత భవనాశి సెలయేరు పారుచుండును. స్వామి చెంచులక్ష్మిని వివాహమాడినకథ యీ యడవిలోనిదే. నవనారసింహులలో నొకడగు జ్వాలానరసింహుని సన్నిధికి బోవు త్రోవ రాళ్లమయము. చేతికర్ర యవశ్యము. నడువలేనివారిని డోలీలలో మోయుదురు.

మా యత్తగారికి డోలీ కుదుర్చునపుడు, కూలి సగమునకు దింపుమని తోడివారు నాకు బోధించిరి. బోయీల భుజములపై గాయలుగట్టిన చర్మము చూచిన పిదప నాకు బేరమాడ నోరాడలేదు, అడిగినంతయు నిచ్చితిని. ఆ దినమున మాకు గలిగిన పెద్ద వ్యయ మదియే.

పొదుపు మన తిండిలో, మన సుఖములో జేయదగును. పరుల చెమటలో జేయరాదు. కావున బయలుదేరునపుడే డోలీకూలికై కొంగున వేరొక ముడి వేసికొనుడు.