లోపలా వెలుపలా



ఎల్లారెడ్డిలో మన మందిరానికి కొత్త బీరువా చేయిస్తున్న సంగతి మీకు తెలుసు. టేకుతో కాకుండా ఎండీఎఫ్‌తో ఎందుకని కొందరు అడిగారు. రంగు వేయడానికి ఇన్ని రోజులెందుకని మరికొందరు అడిగారు. ఆ రెండింటికీ జవాబు ఇక్కడ రాస్తున్నాము.

ముందు పాత బీరువా సంగతి. అది షాపులో తయారుగా దొరికినది, పైకి అద్దంలా మెరిసేది. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో వానలు కామారెడ్డి జిల్లాను ముంచెత్తినప్పుడు మందిరంలోకి వచ్చిన నీరు బెత్తెడే. అదీ ఒక పూటలో తీసిపోయింది. నాలుగు రోజులకు బీరువా అడుగు పలక ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుంది. తలుపు పడలేదు. కింది అరలోని పెళ్లిళ్ల రిజిస్టరు సగం తడిసింది. ఫ్యాను కింద పెట్టి ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టాము. భర్త పోయిన ఒక తల్లికి, తాను ఆయన భార్యనని చూపించుకోవడానికి ఆ పేజీ ఒక్కటే ఆధారం కావచ్చు. అందుకే ఈ బీరువా గురించి ఇంత పట్టుదల.

ఆ పాత పలకను తిరగేసి చూస్తే కారణం తెలిసింది. ముందు వైపు రంగు ఉంది. అడుగున, అంచుల్లో, గోడ వైపున ఏమీ లేదు, పచ్చి పలకే.

ఎండీఎఫ్ అంటే చెక్కను నారగా చేసి, జిగురు కలిపి, వేడి మీద గట్టిగా నొక్కిన పలక. దానికి చార ఉండదు, ముడి ఉండదు, అందుకే దాని మీద లాకర్ చాలా నునుపుగా కూర్చుంటుంది. దాని పై ముఖాలు గట్టిగా ఉంటాయి, నడుమ భాగం కాస్త వదులుగా ఉంటుంది. రంపంతో కోసినప్పుడు ఆ నడుమ భాగం అంచులో బయటపడుతుంది. చాయ్‌లో ముంచిన బిస్కెట్టులా ఆ అంచు నీళ్లు తాగుతుంది. ఒకసారి ఉబ్బితే ఎండినా మళ్లీ మునుపటి మందానికి రాదు. టేకు అయితే ఈ బెడద తక్కువే. కానీ ఈ డబ్బులో ఎక్కువ భాగం బీడీలు చుట్టే తల్లులు ఇచ్చిన చందా. టేకుకు అది చాలదు. ఉన్నదాంట్లోనే నిలిచేలా చేయించాలి.

పని చేస్తున్నది కామారెడ్డిలో ఫర్నిచర్ పని నేర్చుకున్న మన సంఘపు కుర్రవాడే. 18 ఎంఎం మందం, 8 బై 4 షీటు ఒక్కటి 40 కిలోల దాకా తూగుతుంది. షీట్లను అక్కడే కోయించి, ఆటోలో ఎల్లారెడ్డికి తెచ్చాడు. ఆ తర్వాత అతను చేసినదంతా మేము దగ్గరుండి చూశాము.

మొదట కోసిన అంచులను 180 నంబరు ఎమిరీ పేపరుతో, తర్వాత 240తో రుద్దాడు. పదునైన మూల మీద రంగు నిలవదని మూలలను కొద్దిగా గుండ్రం చేశాడు. దుమ్ము తుడిచి, మరల మీద, అతుకుల్లో లప్పం పెట్టాడు. తర్వాత సీలర్‌ను థిన్నర్‌తో పలుచన చేసి అంచులకే పూశాడు. చూస్తుండగానే ఇంకిపోయింది. ఆరనిచ్చి, రుద్ది, మళ్లీ పూశాడు. మూడో పూతకు గానీ అంచు తాగడం మానలేదు. నీళ్ల ప్రైమర్‌ను నేరుగా పూస్తే నార లేచి నూగులా నిలబడుతుందట, అందుకే మొదటి పూతలు థిన్నర్ రకానివే. ఆ తర్వాత పలకకు ఆరు వైపులా ప్రైమర్ రెండు పూతలు వేసి, పూతకూ పూతకూ నడుమ 320 నంబరుతో రుద్దాడు.

మన పెద్దల్లో ఒకాయనకు ఇది నచ్చలేదు. బీరువా డిసెంబరు మొదటి ఆదివారానికి కావాలని ఆయన కోరిక.

"గోడ దిక్కు ఎవరు చూస్తరు బిడ్డా? ముంగట వెయ్యి, చాలు" అన్నారు.

"మనుషులు చూడరు తాతా, నీళ్లు చూస్తయి" అన్నాడు కుర్రవాడు.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తువ్వాలు నడుముకు చుట్టి, ఒక ఎమిరీ ముక్క అడిగి తీసుకొని, వెనక పలక తానే రుద్దారు. ఆదివారం దాటినా ఫరవాలేదని సంఘ పెద్దలంతా ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది లాకర్. మనవాళ్లు దాన్ని డ్యూకో అంటారు. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన, త్వరగా ఆరే రంగు పేరు అది. స్ప్రే గన్‌తో కొట్టే ఆ పూత చాలా పలుచన. కింద ఉన్న గీతను, గుంటను అది దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. గాలిలో తేమ ఉంటే థిన్నర్ ఎగిరేటప్పుడు పైన చెమ్మ పట్టి తెల్లబారుతుంది. కాబట్టి పొద్దున మంచు విడిచాకే పని. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పదు. థిన్నర్ డబ్బా తెరిచిన చోట అగ్గిపుల్ల, బీడీ వద్దు. అటుగా వచ్చేవారు దయచేసి గుర్తుంచుకోండి.

ఈ తెలివి మన నేలకు కొత్తది కాదు. కామారెడ్డి నుంచి 44వ జాతీయ రహదారి మీద ఉత్తరంగా వెళ్తే నిర్మల్ వస్తుంది. అక్కడి బొమ్మల కళాకారులు పొణికి కర్రతో బొమ్మ చేసి, చింతపిక్కల జిగురులో రంపపుపొట్టు కలిపి పట్టించి, తెల్ల సుద్ద పూసి, ఆ తర్వాతే రంగుల జోలికి పోతారు. ఆదికాండంలో నోవహు ఓడ సంగతి కూడా తెలిసిందే. తారు వంటి కీలును లోపలా వెలుపలా పూయమని దేవుడు చెప్పాడు. లోపలి పూత బయటివాళ్లకు కనబడదు. వాన వచ్చిన రోజున ఆ పూతే లోపలున్నవాళ్లను కాచింది.

ప్రియులారా, మీ ఇంటికి టీవీ స్టాండో, చెప్పుల అరో చేయించుకుంటుంటే రంగు చూసి మురిసిపోకముందే దాన్ని తిరగేసి అడుగు అంచు చూడండి. వేలికి గరుకుగా, పచ్చిగా తగిలితే సీలర్ వేయమని గట్టిగా అడగండి. కింద కాళ్లు పెట్టించి, నేలకు నాలుగు అంగుళాల ఎత్తున ఉంచండి. రిజిస్టర్లు ఇకనుంచి పై అరలోనే ఉంటాయి.

పూత పూర్తిగా గట్టిపడటానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. అంతవరకు ఎవరూ దాని మీద పాటల పుస్తకాలు పెట్టవద్దని మనవి. దేవుడు మీ ఇండ్లను కాపాడును గాక. ఆమేన్.