ఉమ్మడి చిట్టా

రేణిగుంట రైలుకూడలి. చెన్నపట్టణమునుండి గుంతకల్లు మీదుగా బొంబాయికి పోవు పెద్ద లైనును, గూడూరునుండి తిరుపతికి పోవు లైనును అచ్చట కలియును. కావున ఆ ఊరి బడిపిల్లలలో రైల్వే పనివారి బిడ్డలు కొందరు ఎప్పుడును ఉందురు. పాసు అనగా నేమో వారికి చిన్ననాటనే తెలియును. జట్టుగా పట్టణము చూడబోయిన పిల్లలకు మొదటి చిక్కు ఆ పాసువలననే వచ్చినది.

1958 సంక్రాంతి సెలవులలో పదిమంది బాలురును, ఒక అయ్యవారును చెన్నపట్టణమునకు ప్రయాణమైరి. పదిమందిలో ముగ్గురికి పాసులు కలవు. టికెట్ల సొమ్మంతయు ఒకచో చేర్చి పదిపాళ్లు చేయుదమని ఒకడనెను. పాసుగల బాలుడొకడు ఒప్పుకొనలేదు. "మా నాయన ఎండలో పట్టాలమీద పని చేసినందుకు ఇచ్చిన పాసది. దాని నేనెట్లు పంచుదును?" అనెను. ఆ మాట న్యాయమే. పాసు కూలిలో ఒక భాగము గాని దారిలో దొరికిన సొమ్ము కాదు. తుదకు టికెట్లు ఎవరివి వారు కొనుటకును, తక్కిన ఖర్చులకు తలకు మూడు రూపాయలు ముందుగా ఇచ్చుటకును నిశ్చయమైనది. ముప్పది రూపాయలు పోగయ్యెను. లెక్కలలో దిట్టయైన బాలునికి సంచియు చిట్టాయు అప్పగించిరి. అయ్యవారి ఖర్చు అయ్యవారిదే.

1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి తిరుపతి మీదుగా పోయిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట సుమారు నూరుగురుండిరి. యజమాని యొక్కడైన బిడారమున పంపకపు చిక్కు తక్కువ. పదిమందియు యజమానులే యైన ప్రయాణము వేరు.

పైగా అవి రెండు నాణెముల దినములు. 1957 ఏప్రిల్ 1వ తేదీనుండి రూపాయకు పదునారణాలు పోయి నూరు నయాపైసలు వచ్చినవి. పాత నాణెములును చెల్లుచునే యుండెను. మార్పు పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 పైసలు. మూడారులు పదునెనిమిది గదా, పందొమ్మిది ఎట్లగునని పిల్లలు అడుగుదురు. పదునారు ఆరులు తొంబదియారే. తక్కువపడిన నాలుగు పైసలను పట్టికలో అక్కడక్కడ కలుపవలసి వచ్చినది.

రైలు పుత్తూరు దాటినది. జట్టులో ఒక బాలుని తల్లి పూలు కట్టి అమ్మి జీవించునది. అతడు మూట విప్పి వేయించిన వేరుసెనగకాయలు అందరికిని పెట్టెను. తిరుత్తణి వచ్చునప్పటికి పొట్టు తప్ప ఏమియు మిగులలేదు. ఆ తిరుత్తణి అప్పటికి చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున చేరినది.

సెంట్రల్ స్టేషను ప్రక్కనే మూర్ మార్కెట్టును, జంతుశాలయు ఉండెడివి. మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతియైనది. జంతుశాల అదే యేట వండలూరునకు తరలినది. నేటి పిల్లలకు ఆ రెండును అచ్చట కానరావు. నాటి పిల్లలు వానిని కన్నులార చూచి, మధ్యాహ్నము ఒక హోటలుకు పోయిరి. పూలమ్మ కొడుకు మాత్రము, "నాకు సద్ది ఉన్నది, మీరు పోయి రండి" అని చెట్టునీడను కూర్చుండి పులిహోర తినెను. సాయంకాలము సముద్రపుటొడ్డున తక్కినవారు ఫలహారము చేసిరి. కడుపు నిండుగా నున్నదని అతడు అప్పుడును దూరముగనే నిలిచెను.

తిరుగురైలులో లెక్క తేలినది. భోజనమునకు తలకు పండ్రెండణాలు, ఫలహారమునకు నాలుగణాలు, వెరసి తొమ్మిది రూపాయలు. చిట్టా వ్రాసిన బాలుడు దానిని పదితో భాగించి తలకు తొంబది పైసలు వేసెను. అతనిలో దురుద్దేశము లేదు. పదిమంది బయలుదేరిరి గనుక పదితో భాగించెను. బడిలో లెక్కలన్నియు అట్లే యుండును. పూలమ్మ కొడుకు తల వంచి ఊరకుండెను.

అయ్యవారు చిట్టా చూచి, "హోటలులో ఎన్ని ఆకులు వేసిరి?" అని అడిగెను.

"తొమ్మిది."

మరి యెవ్వరును మాటాడలేదు. అయ్యవారు పెన్సిలు తీసికొని, ప్రతి ఖర్చునకు ఎదురుగా అందులో పాలుగొన్నవారి పేర్లు వ్రాయుమనెను. వ్రాయగా, తొమ్మండుగురును తలకొక రూపాయ పెట్టుకొనవలసినవారని తేలినది. తొమ్మండుగురును తలకు పది పైసల చొప్పున తీసిరి. అంచు వంకులు తిరిగిన క్రొత్త బిళ్లలు తొమ్మిది బల్లపై చేరెను.

ఆ బాలుడు చేయి వెనుకకు తీసికొనెను. "నాకు ధర్మము వద్దు, అయ్యవారూ."

"ఇది ధర్మము కాదప్పా. మధ్యాహ్నము వీరు తిన్న అన్నములో నీ సొమ్ము చేరినది. వీరే నీకు బాకీ."

అతడు కొంతసేపు చూచి, బిళ్లలు లెక్కపెట్టి అంగీజేబులో వేసికొనెను.

అంతట చిట్టా బాలునికి ఉత్సాహము హెచ్చినది. "వీని కాయలు మనమందరము తింటిమి గదా! వానికెంత వ్రాయవలెను?" అని పెన్సిలు తడిపెను. ఆ బాలుని ముఖము ఎఱ్ఱబడినది. "అవి మా అమ్మ ఇచ్చినవి. వ్రాయవద్దు." అయ్యవారు కిటికీలోనుండి బయటికి చూచుచుండెను. చిట్టా బాలుడు వ్రాయబోయిన పంక్తిని చెరిపివేసెను.

మిగిలిన సొమ్ము పంచునప్పుడు సంచిలో రెండు పైసలు ఎక్కువ వచ్చినవి. ఎన్ని సార్లు కూడినను రెండు ఎక్కువే. పాసుగల బాలుడు కనుగొనెను: బస్సులో అణా టికెట్లు పది, ఒక్కొక్కటి ఆరేసి పైసలకు కొన్నారు, అరువది పైసలైనవి. చిట్టాలో పది అణాలని వ్రాసి పట్టిక ప్రకారము అరువదిరెండుగా మార్చిరి.

రెండు పైసలు పదిమందికి పంచుట ఎట్లు? రైలు రేణిగుంట చేరునంతవరకు వాదము సాగెను. తుదకు వానిని కాగితములో చుట్టి, చిట్టా అట్టకు గుండుసూదితో గ్రుచ్చి, చివరి పంక్తిలో "నిలువ 2 న.పై." అని వ్రాసి దిగిరి.