డబ్బా అడుగున తెల్లటి మడ్డి

సంక్రాంతికి ఇంకా నాలుగు రోజులుందనగా వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "ఈ నూనె పాడైనట్టుందండీ, ఓసారి చూడండి!" వెళ్లి చూస్తే పామాయిల్ డబ్బా అడుగున తెల్లగా మడ్డి. పక్కనే ఉన్న పొద్దుతిరుగుడు నూనె మాత్రం తేటగా మెరుస్తోంది. పాడవలేదు, చలికి పేరుకుందంతే.

పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. దాని అణువుల్లోని గొలుసులు తిన్నటి చీపురుపుల్లల్లాంటివి, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒత్తుగా సర్దుకుంటాయి. పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువగా ఉండేవి వంకర పుల్లలు. వాటిని కట్ట కట్టడం మీవల్లా నావల్లా కాదు, చలివల్లా కాదు.

"ఒంట్లో ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కదా, అక్కడ పేరుకునేదేముంది?" అంటారా? నిజమే, లోపల మడ్డి కట్టదు. కానీ తేడా మరోలా బయటపడుతుంది. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 2014లో ప్రచురించిన ఓ పరీక్ష చెబుతాను, వినండి. మామూలు బరువున్న 39 మంది కుర్రకారుకు ఏడు వారాలపాటు రోజూ తినే తిండికి తోడుగా మఫిన్లు పెట్టారు. కొందరికి పామాయిల్‌తో చేసినవి, మిగతావాళ్లకి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. ఎవరు ఏ నూనె తింటున్నారో వాళ్లకే తెలియదు. చివరికి రెండు జట్లూ సమానంగానే, తలా కిలోన్నర పైచిలుకు పెరిగాయి. తూకం మిషన్‌కు తేడా దొరకలేదు, ఎమ్మారైకి దొరికింది. పామాయిల్ జట్టుకు కాలేయంలోనూ, పొట్ట లోపల పేగుల చుట్టూనూ కొవ్వు ఎక్కువ చేరింది. రెండో జట్టుకు పెరిగిన బరువులో కండ వాటా ఎక్కువ.

కొవ్వు ఎక్కడ చేరితేనేం అనుకోకండి. కొవ్వు కణాన్ని మనం ధాన్యం గాదె అనుకుంటూ వచ్చాం. అది మెదడుకు కబుర్లు కూడా పంపుతుందని 1994లో లెప్టిన్ అనే హార్మోన్ బయటపడ్డాక గట్టిగా తెలిసింది. గాదె పట్టలేనంతగా నింపితే కణం చచ్చిపోతుంది. అప్పుడు మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలు దాని చుట్టూ మూగుతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే కిరీటం పెట్టినట్టే ఉంటుంది! అవి వదిలే రసాయనాలతో లోలోపల సన్నటి సెగ రాజుకుంటుంది. జ్వరం రాదు, నొప్పీ ఉండదు. ఇన్సులిన్ మాటను మాత్రం ఒళ్లు లెక్కచేయడం మానేస్తుంది. ప్రయోగశాలలో పామాయిల్‌లోని పామిటిక్ ఆమ్లం ఈ కాపలా కణాలను ఎగదోస్తుంటే, చేపల్లోని ఒమేగా-3 వాటిని శాంతపరుస్తోంది.

మనవాళ్లకు ఈ గొడవ ఇంకా దగ్గరిది. 2004లో లాన్సెట్ పత్రిక ఇద్దరు డాక్టర్ల ఫొటో పక్కపక్కన వేసింది. ఒకరు పుణె యాజ్ఞిక్, మరొకరు లండన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతమైతే యాజ్ఞిక్‌కు 21.2. చూడ్డానికి సన్నం, లోపల నిండు గాదె. "నేను బక్కగానే ఉన్నాగా" అని ధీమా పడేవాళ్లు ఆ ఫొటో గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా విని మా ఆవిడ తాపీగా అడిగింది: "అయితే అరిసెలు పొద్దుతిరుగుడు నూనెలో వేస్తే ఎన్నయినా తినొచ్చన్నమాట?"

ఇక్కడే నా ఉపన్యాసం తిరగబడింది. ఆ స్వీడన్ కుర్రాళ్లు రెండు జట్లవాళ్లూ బరువు పెరిగారు కదా! నూనె మారిస్తే కొవ్వు చేరే చోటు మారొచ్చు గానీ, మోతాదు మించితే ఏ నూనే మనల్ని వదలదు. ఆ మాట పైకి అనకుండా, బాణలిలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి, ఆఖరి చుక్క కారేదాకా నొక్కుతూ కూచున్నాను.