మా ఇంటి ఏనుగు

ఏనుగును కొనడం గొప్ప కాదు, మేపడం గొప్ప అనేవారు మా తాతగారు. ఆ రోజుల్లో ఇంటిముందు ఏనుగు కట్టుకోవడం జమీందార్లకే చెల్లేది. ఇవాళ హఫీజ్‌పేటలో మేముండే అపార్టుమెంటు సెల్లారులోకి దిగి చూడండి, స్తంభానికొక ఏనుగు కనిపిస్తుంది. పేరు ఎస్‌యూవీ. ఏడుగురు కూర్చోవచ్చు, గుంటలు దాటవచ్చు, కొండలెక్కవచ్చు. జమీందారు స్థానంలో నెలనెలా వాయిదాలు కట్టే సంసారి వచ్చాడు, అంతే తేడా.

మా ఇంట్లోనూ ఒకటి ఉంది. మూడేళ్ళ కిందట మా అబ్బాయి కొన్నాడు. డీజిలు బండి. మేం మొత్తం ఆరుగురం. మా ఊరు జగ్గయ్యపేట పక్కన పల్లె, ఇక్కణ్ణించి సుమారు 200 కి.మీ. ఉంటుంది. అక్కడ మా అక్కయ్య ఒక్కతే ఉంటుంది. "అందరం కలిసి ఒకే బండిలో అత్తయ్య దగ్గరికి వెళ్ళొచ్చు నాన్నా" అన్నాడు మావాడు. కాదనడానికి ఏముంది? తీరా బండి వచ్చాక ఊరికి వెళ్ళింది ఏడాదికి రెండుసార్లు. మిగిలిన రోజులన్నీ అది హఫీజ్‌పేట నుంచి మావాడి ఆఫీసుకి, ఆఫీసు నుంచి హఫీజ్‌పేటకి. పోను ఆరు కిలోమీటర్లు, రాను ఆరు. కొత్తగూడ, కొండాపూర్ దారి సంగతి మీకు తెలియంది కాదు. ఆ ఆరు కిలోమీటర్లకి నలభై నిమిషాలు. సాయంత్రం వాన పడితే గంట.

ఆదివారం ఉదయం కాఫీలయ్యాక మా సెల్లారులో ఒక సభ జరుగుతుంది. పెళ్ళి సంబంధాల గురించి కాదు, రాజకీయాల గురించీ కాదు. ఎవరి ఏనుగు జబ్బు వారు చెప్పుకుంటారు.

"మా బండిలో పసుపుపచ్చ దీపం వెలిగి ఆరటం లేదండీ" అంటారు బ్యాంకాయన.

"మాది మరీ విచిత్రం. ఇంజను ఆయిలు తగ్గాలి గాని పెరుగుతోంది. ఆయిలు చూసే పుల్ల తీస్తే గీత దాటి ఉంది" అంటారు మూడో అంతస్తు ఆయన. పాలు పొంగడం విన్నాం గాని ఆయిలు పొంగడమేమిటని అందరూ నవ్వుతారు.

"నేను ఎంత తొక్కినా అది తాపీగా ఆలోచించి గాని కదలదు" అంటుంది డాక్టరమ్మ.

ఇంకొకాయన బండి ట్రాఫిక్కులో వేడెక్కిపోతుంది. మరొకాయన బండికి యాడ్‌బ్లూ అనే నీళ్ళు పోయమని గంట మోగుతుంది. ఆఖరుకి ఎలుకలు వైర్లు కొరికిన వాళ్ళూ ఉన్నారు. ఏనుగుకి ఎలుక శత్రువు కావడం వినాయకుడికైనా తెలుసో తెలియదో!

ఈ కబుర్లు నవ్వులాటగానే సాగిపోయేవి, కిందటి శ్రావణ మాసం దాకా.

ఆ నెలలో మా బండికి కూడా పసుపు దీపం వెలిగింది. మావాడు ఆ రోజే సర్వీసు సెంటరుకి ఫోను చేస్తే, శనివారం గాని ఖాళీ లేదన్నారు. గురువారం రాత్రి పదిన్నరకి మా ఆవిడకి ఆయాసం వచ్చింది. పడుకుంటే ఊపిరాడటం లేదు, కూర్చుంటే చెమటలు. ముందు సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాం. హఫీజ్‌పేట ఫ్లైఓవరు ఎక్కుతూండగా ఇంకో దీపం వెలిగింది. బండి వేగం తగ్గిపోయింది. మావాడు పూర్తిగా తొక్కుతున్నాడు, అది నలభై దాటదు. వెనకనుంచి లారీలు హారన్లు. కోడలు నా చెయ్యి పట్టుకుంది. మా ఆవిడ మాత్రం "నెమ్మదిగా పోనీ నాన్నా, కంగారు లేదు" అంటోంది, మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ.

చేరాం. డాక్టర్లు ఆక్సిజను పెట్టారు, మందులిచ్చారు. రెండు రోజుల్లో ఇంటికి పంపించారు. గండం గడిచింది. కాని ఆ రాత్రి నుంచి ఇంట్లో మాట మారిపోయింది. "డబ్బు పోతే పోయింది, నమ్మకం లేని బండి మనకొద్దు, అమ్మేయండి" అంది కోడలు. ఆ పిల్ల మాటలో తప్పేముంది? పైగా సర్వీసు సెంటరు వాళ్ళు ఫిల్టరు మొత్తం మార్చాలని లక్షా పాతికవేలకి చీటీ రాసిచ్చారు. వాయిదాలు ఇంకా రెండేళ్ళున్నాయి.

అమ్మే ముందు ఇంకొక మాట విందామని మియాపూర్ వైపు ఒక చిన్న షెడ్డుకి తీసుకువెళ్ళాం. తెల్లగడ్డం పెద్దాయన. నలభై ఏళ్ళుగా డీజిలు ఇంజన్లు విప్పుతున్న చెయ్యి. ఇప్పుడు ఆ చేతిలో కంప్యూటరు పలక కూడా ఉంది. దాన్ని బండికి తగిలించి చూసి, మావాణ్ణి ఒకటే ప్రశ్న అడిగాడు.

"దినాం ఎంత దూరం నడుపుతరు సార్?"

మావాడు చెప్పాడు. పెద్దాయన నవ్వాడు.

"ఇంజనుకు రోగం లేదు సార్. దానికి ఊపిరాడ్తలేదు."

ఆయన చెప్పింది, తరవాత బండితో వచ్చిన పుస్తకం నేను ఓపిగ్గా చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను. మీ ఇంట్లోనూ ఏనుగు ఉంటే పనికొస్తుంది.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. డీజిలు బండి నల్లపొగ వదలకూడదు. అందుకని పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ పెట్టారు. తేనెపట్టులా సన్నని గదులుంటాయి. మసి అందులో చిక్కుకుంటుంది. మంచిదే, మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోవలసిన మసి అక్కడ ఆగుతోంది. కాని జల్లెడ నిండితే ఎలా? బండి తనంతట తానే ఆ మసిని కాల్చుకుంటుంది. అందుకు అక్కడ వేడి సుమారు 600 డిగ్రీలు కావాలి. కాస్త డీజిలు ఎక్కువగా చిమ్మి ఆ వేడి తెచ్చుకుంటుంది. బండి నిలకడగా, సాధారణంగా 60 కి.మీ. పైన వేగంతో, పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే ఆ పని పూర్తవుతుంది.

కొత్తగూడ దారిలో అరవై వేగమెక్కడిది? కాల్చడం మొదలు పెడుతుంది, అంతలో ఆఫీసు వస్తుంది, తాళం తిప్పేస్తాం. మర్నాడు మళ్ళీ మొదలు, మళ్ళీ మధ్యలో ఆపు. ఇలా నాలుగైదు సార్లు చేసి ఓడిపోయి, "అయ్యా, నన్నొకసారి దారిమీదికి తీసుకుపోండి" అని అది పెట్టుకునే అర్జీయే బ్యాంకాయన పసుపు దీపం.

మరి మూడో అంతస్తు ఆయన ఆయిలు పొంగడం? అదీ దీని తోబుట్టువే. మసి కాల్చడానికి చిమ్మిన డీజిలు పూర్తిగా కాలకపోతే, సిలిండరు గోడల వెంట కొంత కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. మట్టం పెరుగుతుంది, ఆయిలు పలచబడుతుంది. పలచబడ్డ ఆయిలు ఇంజనుని కాపాడలేదు. పెరిగిందని సంతోషించకుండా వెంటనే మార్పించాలి.

డాక్టరమ్మ బండి ఎందుకు లాగదు? కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకే పంపే కవాటం ఒకటుంది, ఈజీఆర్ అంటారు. విషవాయువులు తగ్గించడానికి పెట్టారు. నత్తనడక బళ్ళలో దానికి మసి పట్టి బిగుసుకుపోతుంది. అది కాకపోతే టర్బోకి గాలి తీసుకుపోయే రబ్బరు గొట్టం వదులై ఉంటుంది. టర్బో అంటే నిమిషానికి లక్ష చుట్ల పైన తిరగగల చిన్న చక్రం. దాని ప్రాణమంతా శుభ్రమైన ఆయిలు మీదే. పెద్ద ప్రయాణం చేసి రాగానే ఇంజను ఆపెయ్యకుండా ఒక్క నిమిషం తిరగనిస్తే అది చల్లబడుతుంది.

వేడెక్కడం పాత జబ్బే. అంబాసిడర్ల కాలంలో రేడియేటరు మరిగితే దారిలో బావి దగ్గర ఆగి చేదతో నీళ్ళు పోసేవాళ్ళం. ఇప్పుడలా కుదరదు. కూలెంటు తగ్గితే కూలెంటే పొయ్యాలి. మన బోరు నీళ్ళు పోస్తే బిందె అడుగున కట్టినట్టే లోపల తెల్లగా గార కడుతుంది. వేడిమీద మూత తిప్పితే చెయ్యి కాలుతుంది. ఎర్ర దీపం వెలిగితే మాత్రం ఇంటిదాకా పోదామనుకోవద్దు, పక్కకి తీసి ఆపెయ్యండి. పసుపు దీపం అర్జీ, ఎర్ర దీపం ఆజ్ఞ.

యాడ్‌బ్లూ అన్ని డీజిలు బళ్ళకీ ఉండదు. ఉన్నవాటికి అది 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధ జలం. అది పూర్తిగా అయిపోయాక బండి ఆపితే మళ్ళీ స్టార్టు కాదు. పాడై కాదు, రూలు అలా పెట్టారు. గంట మోగగానే పోయించుకుంటే సరి.

వాననీళ్ళ సంగతి కూడా పెద్దాయనే చెప్పాడు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలు హైదరాబాదు వాళ్ళెవరూ మరిచిపోలేదు. నీళ్ళలో మునిగి ఆగిన బండిని మళ్ళీ స్టార్టు చెయ్యకూడదు. గాలి అణుగుతుంది గాని నీరు అణగదు. సిలిండర్లో నీరుంటే లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్సు తరచు ఈ నష్టాన్ని కట్టదు. ఇంజను రక్షణకని విడిగా తీసుకోవాలి.

ఆఖరుకి ఆ రాత్రి ఫ్లైఓవరు మీద జరిగిందేమిటి? జల్లెడ నిండిపోయి లోపల ఒత్తిడి పెరిగింది. ఇంజను పాడు కాకుండా కంప్యూటరు దాని బలం తగ్గించేసింది. "అది మిమ్మల్ని మోసం చెయ్యలె సార్. తనను తాను కాపాడుకున్నది" అన్నాడు పెద్దాయన. "మరి మమ్మల్నెవరు కాపాడతారు?" అంది కోడలు. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఆయన కంప్యూటరుతో ఆజ్ఞ ఇచ్చి, బండి నిలబెట్టే మసి కాల్పించాడు. ఆయిలు, దాని ఫిల్టరు మార్చాడు. మొత్తం ఎనిమిదివేల చిల్లర. లక్షా పాతికవేలు ఎనిమిదివేలయిందని నేను పొంగిపోలేదు. ఆయనే హెచ్చరించాడు: మసి కాలుతుంది గాని, ఆయిలు వల్ల చేరే బూడిద కాలదు. అది నిండిన నాడు విప్పి కడిగించడమో, కొత్తది వెయ్యడమో తప్పదు. అందుకే బండి పుస్తకంలో రాసిన రకం ఆయిలే పొయ్యాలి.

ఇంటికొచ్చాక అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మాలా, ఉంచాలా? నేను ఒక కాగితం మీద లెక్క రాశాను. ఏడాదిలో ఈ బండికి తగిన ప్రయాణాలు ఎన్ని? రెండు. తగనివి? దాదాపు అయిదువందలు. ఏనుగుని తెచ్చి రోజూ పెరట్లో కాయగూరలు మోయిస్తున్నాం, అది కాలు వాచి పడుకుంటే కొన్నవాణ్ణీ అమ్మినవాణ్ణీ తిడుతున్నాం.

"హఫీజ్‌పేట స్టేషన్లో రైలెక్కితే తరవాతి స్టేషనే హైటెక్ సిటీ కదా" అంది మా ఆవిడ. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైలు అది. రోజూ దాని కూత వింటూనే ఉన్నాం. రైళ్ళు తక్కువ, టైము చూసుకుని పోవాలి, దిగాక షేరు ఆటో పట్టుకోవాలి. అయినా మావాడు ఇప్పుడు వారానికి మూడు రోజులు అలాగే వెళుతున్నాడు. రాత్రిపూట ఆపద వస్తే బండి కోసం చూడకుండా 108కి ఫోను చెయ్యాలని కోడలు రిఫ్రిజిరేటరు తలుపు మీద రాసి అంటించింది. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి అదే సరైన జవాబని ఇప్పుడనిపిస్తోంది.

కొత్తగా కొనబోయేవారికి నాదొక మనవి. షోరూముకి పోయేముందు, కిందటి నెలలో మీరు వాస్తవంగా తిరిగిన దూరాలు రాసుకోండి. అన్నీ అయిదారు కిలోమీటర్లే అయితే డీజిలు మీకు తగదు. పెట్రోలు బండి కూడా పూర్తిగా వేడెక్కకుండా రోజూ ఆగిపోతే సంతోషించదు గాని, దానికంటే నయం. కరెంటు బండికయితే ఈ పొగ జబ్బులే లేవు. మనం కలగనే ప్రయాణాలకి బండి కొంటాం, చేసే ప్రయాణాలకి వాడతాం. ఆ రెంటి మధ్య నలిగేది ఇంజను.

మాది మాత్రం అమ్మలేదు. పదిహేను రోజులకొకసారి గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాదు దాకా నిలకడగా ఎనభైలో వెళ్ళివస్తాం. నెలకొకసారి జగ్గయ్యపేట. డాక్టరు చెప్పని మందు మెకానిక్కు చెప్పాడని మా ఆవిడ నవ్వుతుంది. మొదటి నెల మేం వెళ్ళినప్పుడు అక్కయ్య గుమ్మంలోనే నిలబడి, "ఏమిటర్రా, పండగ కూడా కాదే, ఎవరికేమయింది?" అని కంగారు పడింది. రెండో నెల అడగలేదు. ఈ నెల మేం బయల్దేరకముందే ఫోను చేసి, పిల్లలకి జంతికలు చేశానంది.