స్టిక్కర్ కింద ముద్ర

కంకిపాడులో మా ఇంటి మేడ మీద గదే నా ఆఫీసు. ఆ మధ్య ఓ ఆదివారం అక్క ల్యాప్‌టాప్ పట్టుకుని పైకొచ్చింది. "ఒరేయ్, ఒక పీపీటీ చేసిపెట్టరా" అంది.

అక్క ఓ ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో అసిస్టెంట్. వివక్ష మీద లైబ్రరీ స్టాఫ్‌కి ఒక పూట ట్రైనింగ్ పెడుతున్నారట. అందులో అరగంట తనని మాట్లాడమన్నారట.

ఇదేం పెద్ద పని అనుకున్నా. మా కంపెనీలో ఏటా జాతి వివక్ష మీద ఆన్‌లైన్ కోర్సు ఉంటుంది. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే చివర్లో సర్టిఫికెట్ వస్తుంది. దాంట్లోంచి కొంత, నెట్‌లోంచి కొంత తీసి పన్నెండు స్లైడ్లు చేశా. వాటిలో నాకు బాగా నచ్చింది మెల్విల్ డ్యూయీ స్లైడు. లైబ్రరీలో పుస్తకాల వీపు మీద నంబర్లు ఉంటాయే, ఆ పద్ధతి ఆయనదే. ఆయన పెట్టిన లేక్ ప్లాసిడ్ క్లబ్బులో యూదులకీ, నల్లజాతి వాళ్లకీ ప్రవేశం లేదు. ఆడవాళ్లతో ప్రవర్తన కూడా బాగుండేది కాదు. అందుకే 2019లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తానిచ్చే మెడల్‌కి ఆయన పేరు తీసేసింది.

అక్క అన్నీ చూసింది. "డ్యూయీ సంగతి సరే. మా కౌంటర్‌కి అమెరికా వాళ్లు రారు, బుక్ బ్యాంక్ పిల్లలొస్తారు. వాళ్ల మీద ఒక్క స్లైడూ లేదేంట్రా?"

తెలియనివాళ్లకి: మెడికల్, ఇంజినీరింగ్ పుస్తకాలు కొనలేని ఎస్సీ విద్యార్థుల కోసం 1978-79లో కేంద్రం మొదలుపెట్టిన పథకం ఇది. తర్వాత ఎస్టీలకీ వచ్చింది. టెక్స్ట్‌బుక్స్ సెట్టు లైబ్రరీలో తీసుకుని, చదువుకుని తిరిగిచ్చేయాలి. మంచి పథకం. పేచీ అంతా ఇచ్చే తీరులోనే.

నేను చదివిన కాలేజీలో దానికి వేరే కౌంటర్ ఉండేది. "ఎస్సీ ఎస్టీ బుక్ బ్యాంక్ వాళ్లు ఇటు!" అని హాలంతా వినబడేలా కేకేసేవారు. ప్రతి పుస్తకం మొదటి పేజీలో అదే మాట, ఊదారంగు ముద్ర. కేక ఒక్కసారితో అయిపోతుంది. ముద్ర అలా కాదు, పుస్తకం తెరిచినప్పుడల్లా కనబడుతుంది.

నా రూమ్మేట్ ఒకడు ఆ ముద్ర మీద స్టిక్కర్ అంటించుకున్నాడు. ఓ రాత్రి గదిలో ఆరుగురం ఉన్నాం. "ఏంట్రా దీని కింద?" అంటూ సరదాగా పీకేశా. అందరూ చదివారు. ఎవరూ ఏమీ అనలేదు. వాడూ నవ్వాడు. మర్నాడు సెట్టంతా తీసుకెళ్లి లైబ్రరీలో ఇచ్చేసి, ఆ సెమిస్టర్ జెరాక్సులతో చదివాడు.

అది 2016. ఆ జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోతే వాట్సాప్ డీపీ మార్చినవాణ్ని నేను. స్టిక్కర్ పీకింది తర్వాత రెండు నెలలకే. ఈ రెండూ నా తలలో ఎలా ఇమిడాయో ఇప్పటికీ అర్థం కాదు.

ఇదంతా అక్కకి చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మా దగ్గర ఆ ముద్ర ఆరేళ్లుగా వేస్తోంది నేనేరా" అంది.

పన్నెండు స్లైడ్లూ డిలీట్ చేశాం. విద్యార్థుల కులం పేరు క్లాసులో బయటికి చెప్పకూడదని 2012 నాటి యూజీసీ నిబంధనల్లోనే ఉంది. కౌంటర్ దగ్గర మాత్రం చెప్పొచ్చా? అదొక స్లైడు. మిగతావన్నీ పనికి సంబంధించినవే. అందరికీ ఒకటే కౌంటర్. పిలిస్తే రోల్ నంబరుతోనే పిలవాలి. ఏ పుస్తకం ఏ పథకంలో కొన్నదో అక్సెషన్ నంబరు కొడితే సాఫ్ట్‌వేరే చెబుతుంది, అందుకో కాలమ్ చాలు. పేజీ మీద ముద్ర దేనికి? స్క్రీన్ మాత్రం లైన్లో వాళ్లకి కనబడేలా తిప్పి పెట్టకూడదు.

ట్రైనింగ్ అయింది. కౌంటర్లు కలిపేయడానికి పెద్దగా అభ్యంతరం రాలేదట. ముద్ర దగ్గరే ఆగింది. "ఆడిట్ వాళ్లు అడిగితే?" అన్నారట. రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటే చాలదా అని అక్క ఇంకా వాదిస్తూనే ఉంది. ఈలోగా కొత్త సెట్లు వచ్చాయి, ముద్ర లేకుండానే బీరువాలో ఉన్నాయి.

ఆ రూమ్మేటూ నేనూ పుట్టినరోజులకి మెసేజ్‌లు పెట్టుకుంటాం. స్టిక్కర్ మాట వాడెప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇది వచ్చాక లింకు వాడికి పంపాలి. పంపేముందు ఫోన్ చేయాలి.